గోదావరిలో మునిఁగిన వ్యాకరణము

ఆంధ్రలక్షణగ్రంథములఁ జదువుకొన్నవారిలో కాకునూరి అప్పకవి పీఠిక నెఱుఁగనివారు అరుదు. యతిప్రాసనియమములకై అప్పకవీయమును దెఱచినవారును ముందుగా నాపీఠికలోని కథయొద్ద నాఁగుదురు. అందు ఇద్దఱు కవుల వైరము కలదు. అణఁచివేయఁబడిన కావ్యము కలదు. ఏటిపాలైన శాస్త్రము కలదు. దానిని రహస్యముగా ధరించి కాపాడిన సిద్ధుఁడు కలఁడు. స్వప్నమున దైవము చెప్పినట్లే గ్రంథము చేతఁబట్టుకొని వచ్చిన బ్రాహ్మణుఁడును గలఁడు. తరతరములుగాఁ బండితులు దీనిని బాఠశాలలలోఁ జెప్పుచు వచ్చిరి. ఒకసారి విన్న బాలుఁడు సంధిసూత్రమును మఱచినను ఈకథను మఱవఁడు. ఇంత ప్రియమైన కథ యగుటచేతనే దీనిని మఱల చదువవలసి యున్నది. మొదటిసారి కథకొఱకును, రెండవసారి ప్రమాణముకొఱకును జదివినచో ఒక్క పీఠికయే లక్షణమును, దానితోఁబాటు పరీక్షను గూడ నేర్పఁగలదు.

కథాసంగ్రహ మిట్టిది. క్రీ.శ. 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరము నేలిన రాజరాజనరేంద్రుని యాస్థానమున నన్నయభట్టు భారతమును దెనిఁగించుటయే గాక, ఆంధ్రశబ్దచింతామణి యను తెలుఁగు వ్యాకరణమును సంస్కృతమున ఆర్యావృత్తములలో రచించెను. ఆకాలముననే భీమకవి రాఘవపాండవీయ మను ద్వ్యర్థికావ్యమును జెప్పెను. అది వ్యాపించినచోఁ దన భారతమునకుఁ బ్రశస్తి తగ్గునని నన్నయ దాని నణఁచివేసెను. అందులకుఁ బ్రతీకారముగా భీమకవి చింతామణిని గోదావరిలోఁ గలిపెను. అయితే రాజనరేంద్రుని కొడుకైన సారంగధరుఁడు బాల్యమున దానిని జదివి కంఠస్థము చేసి యుండెను. అతఁడు పిమ్మట సిద్ధుఁడై, మతంగపర్వతముకడ ఎలకూచి బాలసరస్వతి కాగ్రంథము ననుగ్రహించెను. బాలసరస్వతి దానికిఁ దెలుఁగుటీక రచించెను. 1656వ సంవత్సరమున అప్పకవికి స్వప్నమున విష్ణువు కనఁబడి యీవృత్తాంతము నెఱిఁగించి, మతంగగిరినుండి యొక బ్రాహ్మణుఁడు గ్రంథమును దెచ్చునని చెప్పెను. అట్లే జరిగెను. అప్పకవి దానిని దెలుఁగుపద్యములలో వివరింపఁ బూనెను.

ఈకథయొక్క బిగువు గమనింపఁదగినది. ఆఱువందల యేండ్లు చింతామణి నెవ్వరు నెఱుఁగకుండుట కేమి కారణము? అది నదిలో మునిఁగినది. భీమకవి రాఘవపాండవీయము కానరాకుండుట కేమి కారణము? నన్నయ దాని నణఁచెను. మునిఁగిన గ్రంథము మనకెట్లు లభించినది? సిద్ధుఁడు దానిని ధరించి యుండెను. ఇదంతయు నెట్లు తెలిసినది? దేవుఁడు చెప్పెను. నాలుగు ప్రశ్నలకు నాలుగు సమాధానములు సిద్ధముగా నున్నవి. కాని యానాలుగింటిలో నొక్కదానికైనను కథకు వెలుపల సాక్షి లేఁడు. ఒక్కొక్క సమాధానము తనకు ముందున్న సమాధానము నూఁతగాఁ గొని నిలిచినది. తార్కికులు దీనిని సాధ్యమునే హేతువుగాఁ జెప్పుట యందురు. మొదటి పఠనమునఁ గథావేగమువలన నీలోపము తోఁపదు. వేగము తగ్గిన రెండవ పఠనమున నదియే ముందుగాఁ గనఁబడును.

రెండవ పఠనమువలనఁ గలుగు వివేకమునకు నంద్యాలసీమ యొక చక్కని కావ్యము నిచ్చినది. 16వ శతాబ్దివాఁడైన పింగళి సూరన తన కళాపూర్ణోదయమును నంద్యాల కృష్ణరాజున కంకిత మొసఁగెను. అది యెనిమిదాశ్వాసముల స్వకల్పితకథ. ఆధునికవిమర్శకులు దానిని నవలతోఁ బోల్చుట కలదు. అందుఁ గలభాషిణి నారదుని వరమువలన రంభారూపమును దాల్చి నలకూబరుఁ డనుకొన్నవానిని గలిసికొనును. వాఁడు నలకూబరుఁడు గాఁడు. ఆరూపమును దాల్చిన మణికంధరుఁడు. ఇరువురును మాఱురూపములవారే, ఇరువురును ఎదుటివారు నిజమైనవారే యని నమ్మిరి. నిజమైన రంభ వచ్చినపుడు ఇద్దఱు రంభలు వాదులాడుకొందురు. మొదటిసారి చదువువాఁడు పాత్రలతోఁబాటు తానును మోసపోవును. గుట్టు తెలిసి తిరిగి చదువువాఁడు తాను దేనినిఁ జూచి నమ్మెనో, ఏమాటను బరీక్షింపక విడిచెనో గుర్తించును. రూపము పోలినంతమాత్రమున వ్యక్తి సిద్ధింపఁడనియు, తానే మాఱువేషమున నున్నవాఁడు సయితము ఎదుటివాని వేషమును శంకింపఁడనియు నాకథ చూపుచున్నది. రెండవ సంగతి పండితులకు విశేషముగా నుపయోగించును.

ఈసూరనయే భీమకవి కావ్యమునుగూర్చి యొక సాక్ష్య మిచ్చియున్నాఁడు. కళాపూర్ణోదయమునకుఁ బూర్వమే యతఁడు తెలుఁగున రాఘవపాండవీయమును రచించెను. ఆకావ్యపీఠికలో, భీమన మున్నిట్టి కావ్యమును జెప్పినట్లు పెద్దల మాట యొకటి యున్నదే కాని, అందులోని కొంత భాగమైనను నిలిచి యుండఁగాఁ గన్నవారు లేరని యభిప్రాయము వచ్చునట్లు చెప్పెను. ఈవాక్యమునందలి సంయమము మెచ్చఁదగినది. అతఁడు వినికిని వినికిగాఁ జెప్పెను; చూపు లేదని చెప్పెను; అంతటితో నాఁగెను. భీమన యాకావ్యమును జెప్పలేదని నిషేధింపలేదు, చెప్పెనని స్థాపింపనులేదు. ఆమాటలో నన్నయ లేఁడు, అసూయ లేదు, గోదావరి లేదు. తానే ద్వ్యర్థికావ్యము రచించుచున్న కవికి అట్టి పూర్వకావ్యము నష్టమగుటకుఁ గారణము తెలిసియున్నచోఁ జెప్పుకొనుట కంతకన్నఁ దగిన తావు వేఱొకటి యుండదు. సూరనకుఁ దరువాత నించుమించు నొక శతాబ్దికి అప్పకవి పీఠిక పుట్టినది. సూరననాఁటికి ‘కానరాని కావ్యము’గా మాత్రమే యున్న సంగతి అప్పకవినాఁటికి ‘అణఁచివేసిన కావ్యము’గా మాఱినది. కొఱఁత యున్నచోట నొక కర్తయు, ఆకర్త కొక దురుద్దేశమును వచ్చి చేరినవి. కుట్రకథ లన్నింటికిని బీజ మిదియే: లేమిని జూచి దాని కొక దొంగను గల్పించుట.

వ్యాకరణవిషయమున నింతకంటె బలవత్తరమైన సాక్ష్యము కలదు. 13వ శతాబ్దిలోఁ దిక్కనసోమయాజికి దశకుమారచరిత్రము నంకిత మిచ్చిన మూలఘటిక కేతన ఆంధ్రభాషాభూషణ మను వ్యాకరణమును దెలుఁగుపద్యములలో రచించెను. అతఁడు తెలుఁగునకుఁ దనకు ముందు లక్షణము చెప్పినవారు లేరని స్పష్టముగాఁ బలికెను. కేతన నన్నయకు రమారమి రెండువందల యేండ్ల తరువాతివాఁడు. తిక్కన పరిచయము గలవాఁడు. భారతమును బూరించిన కవియొద్ద మెలఁగినవానికి భారతమును బ్రారంభించిన కవి వ్యాకరణమును రచించెనని తెలియకుండుట సంభావ్యమా?

ఇచ్చట నొక న్యాయమును స్మరింపవలెను. కనఁబడనంతమాత్రమున వస్తువు లేదనరాదు. చీఁకటిగదిలో ఘటము కనఁబడదు. దానిచేత ఘటాభావము సిద్ధింపదు. వెలుఁగున్న గదిలో, కన్ను సరిగా నున్నవానికి, ఉన్నచోఁ దప్పక కనఁబడవలసిన ఘటము కనఁబడనపుడే అభావము తెలియును. దీనిని యోగ్యానుపలబ్ధి యందురు. కేతన మౌనము వట్టి మౌనము కాదు. తెలియఁదగిన విషయమును దెలిసికొనుటకుఁ దగినవాఁడు, చెప్పవలసిన సందర్భమున, లేదని పలికిన మాట. కాఁబట్టి యది యోగ్యానుపలబ్ధి.

దీనికిఁ గథవారి సమాధానము సులభము: గ్రంథము మునిఁగినది గనుకఁ గేతనకుఁ దెలియలేదు. ఇప్పుడు గోదావరి యీకథలోని కేల వచ్చినదో బోధపడును. అది గది దీపము నార్పివేసినది. ‘ఉన్నచోఁ గనఁబడవలెను’ అను నియమమే తొలఁగిపోయినది. ఇఁక నేసాక్షి లేఁడన్నను, ఆలేమియే కథకు సాక్ష్యమగును: ఎవ్వరు నెఱుఁగరు, చూచితిరా, ఎంత లోఁతుగా మునిఁగినదో! ప్రతికూలప్రమాణమును గూడఁ దన కనుకూలముగా మార్చుకొను సిద్ధాంతము బలవంతమైనదిగాఁ దోఁచును. నిజమునకు నది పరీక్ష కందనిది. ఎట్టి సాక్ష్యము దొరికినచోఁ దాను దప్పని యొప్పుకొనునో చెప్పలేని మాట శాస్త్రమున సిద్ధాంతముగా నిలువఁజాలదు.

మునిఁగినదానిని దేల్చిన సారంగధరునిఁ గూర్చియు విచారింపవలెను. రాజరాజనరేంద్రుని కొడుకు రాజేంద్రుఁడు. అతఁడే 1070లోఁ జోళరాజ్యమునకు వచ్చి కులోత్తుంగుఁడని ప్రసిద్ధి కెక్కెను. తెలిసిన చాళుక్యశాసనములలో సారంగధరుఁ డను కుమారుఁడు కానరాఁడు. 15వ శతాబ్దిలో గౌరన నవనాథచరిత్రమునఁ జెప్పిన సారంగధరకథ మాళవదేశమునకు సంబంధించినది. తరువాతి కవులు దానిని రాజమహేంద్రవరమునకుఁ దెచ్చి రాజరాజనరేంద్రునితో ముడివెట్టిరి. అనఁగా సాక్షి గోదావరీతీరమునకు వచ్చుటయే యాలస్యముగా జరిగినది. అతఁడు 11వ శతాబ్దిలోఁ జదివి 17వ శతాబ్దివాఁడైన బాలసరస్వతికిఁ జెప్పవలెను గనుకఁ జిరంజీవియైన సిద్ధుఁడు గాక తప్పదు. గురుశిష్యపరంపరలో నిరువది తలలు నిలువవలసినచోట నొక్కతలయే నిలిచినది. పరంపర యున్నచో నొక్కొక్కనిఁ బ్రశ్నింపవచ్చును. సిద్ధుని నెవ్వరు ప్రశ్నింతురు?

‘మూలము లేక జనశ్రుతి పుట్టునా?’ యని పెద్దలు కొంద ఱడుగుదురు. సమంజసమైన ప్రశ్నయే. జనశ్రుతికి మూల ముండవచ్చును. అది జనశ్రుతి చెప్పిన మూలమే కానక్కఱలేదు. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతమందలి కొత్తపల్లె యను గ్రామనామమును జూడుఁడు. ‘కొత్త’ యను విశేషణము వ్యావర్తకము. పాతదానినుండి వేఱుచేయుటకే పుట్టినది. కాఁబట్టి యాపేరు పెట్టినవారి మనస్సులో నంతకుముందున్న పల్లె యొకటి మెదలి యుండవచ్చునని యూహింపవచ్చును. పదమునుండి వచ్చున దంతే. పాతపల్లె యెక్కడ నుండెను, ఏల విడిచిరి, ఎవరు విడిపించిరి అను ప్రశ్నలకుఁ బేరు బదులు చెప్పదు. ఎవఁడైనను ఆపేరునుండియే యొక రాజును, ఒక శాపమును, ఒక నిధిని దీసినచో, వాఁడు పదమునుండి తీయలేదు, తన కోరికనుండి తీసెను.

నన్నయ విషయమున నట్టి మూలము కలదు. అతఁడు భారతావతారికలోఁ దన్ను శబ్దశాసనుఁడని చెప్పుకొనెను. తెలుఁగుకావ్యభాష కొక మర్యాద నేర్పఱచిన కవి కాపేరు తగినదే. శబ్దమును శాసించినవాఁడు శబ్దశాస్త్రమును రచించి యుండవలె ననుట తరువాతివారి యూహ. ఒక యర్థమును మాత్రమే గ్రహించి, దానికిఁ దగిన గ్రంథమును వెదకి, గ్రంథము దొరకఁగా దాని పూర్వాదర్శనమునకుఁ గారణమును గల్పించిరి. బిరుదము మూలము, వ్యాకరణము కొమ్మ, వైరము పుష్పము. పుష్పమును జూచి బిరుదమును వివరించుట విపరీతక్రమము.

ఇట్టి కథానిర్మాణము తెలుఁగుదేశమునకే పరిమితము కాదు. ఇటలీ రచయిత యుంబెర్తో ఎకో 1988లోఁ బ్రకటించిన ‘ఫూకో లోలకము’ అను నవలలో ముగ్గురు గ్రంథప్రచురణోద్యోగులు వినోదమునకై లోకమంతటిని జుట్టిన యొక రహస్యప్రణాళికను గూర్తురు. సంబంధము లేని సంగతులకు సంబంధము గల్పించుట వారి యాట. నమ్మినవారు దానిని నిజమని వెంటాడఁగా నది ప్రాణాంతకమగును. ఆరహస్యమునకు మూలమనుకొన్న పాతపత్రమును నవలలోని యొక స్త్రీ నిదానముగాఁ జదివి, అది సరకులు చేరవేయుటకు వర్తకుఁడు వ్రాసికొన్న చిట్టా కావచ్చునని చూపును. ఆమె చేసినది వైయాకరణుని పని: ముందు పదవిభాగము, పిదప వాక్యార్థము, అది కుదరనపుడే గూఢార్థము. అట్లే 1440లో లోరెంజో వల్లా యను నిటలీపండితుఁడు, 4వ శతాబ్దిలోఁ గాన్‌స్టాంటైన్ చక్రవర్తి పోపునకు రాజ్యాధికార మిచ్చెనన్న దానపత్రము కూటమని వాదించెను. అందలి లాటిన్ పదములలోఁ గొన్ని యాచక్రవర్తికాలమునకుఁ జెల్లవని చూపుట యాతని వాదములలో ముఖ్యమైనది. శబ్దము నెఱిఁగినవాఁడు చరిత్రమునకు న్యాయాధిపతి కాఁగలఁడనుట కిది నిదర్శనము. చింతామణిసూత్రములను నన్నయ రచించిన రెండున్నర పర్వముల ప్రయోగములతోను, ఆకాలపు శాసనభాషతోను నొక్కొక్కటిగాఁ బోల్చుట తెలుఁగుపండితునకుఁ దగిన పని. 20వ శతాబ్ది పరిశోధకులలో ననేకులు నన్నయకర్తృత్వమును నిరాకరించిరి, సమర్థించినవారును గలరు. ఇరువాదములను జదువునపుడు స్వప్నమునకుఁ గాక ప్రయోగమునకుఁ బ్రాధాన్య మిచ్చినవారిని ముందుగా నాదరింపవలెను.

సంశయమునకును మర్యాద కలదు. సందేహము కలిగినంతమాత్రమున లక్షణము అలక్షణము గాదనియు, వ్యాఖ్యానమువలన విశేషనిర్ణయము చేసికొనవలెననియు వ్యాకరణమునఁ బరిభాష యున్నది. సంశయము విచారమునకు ద్వారము. ద్వారముననే కూర్చుండువాఁడు లోపలి కెన్నఁడును బోఁడు. కాఁబట్టి మూఁడు విషయములను వేఱుచేయవలెను. మొదటిది, భీమకవి యుండెనా? 15వ శతాబ్దిలో శ్రీనాథుఁడు వేములవాడ భీమకవిని గౌరవముతోఁ బేర్కొనెను. అట్టి కవి యుండెననుట కాధారము కలదు. వైరకథ కూలినచోఁ గవి కూలఁడు. రెండవది, అప్పకవి యబద్ధమాడెనా? అట్లనుటకును హేతువు లేదు. తిక్కన భారతమున హరిహరనాథుఁడును, ఆముక్తమాల్యదయందు ఆంధ్రవిష్ణువును స్వప్నమునఁ గనఁబడిరి. స్వప్నము పీఠికలయందలి సంప్రదాయము. అప్పకవి తనకాలమున వ్యాపించి యున్న కథను శ్రద్ధతో నాసంప్రదాయమునఁ గూర్చెనని చెప్పుట న్యాయము. మూఁడవది, చింతామణి నిరర్థకమా? కాదు. సంజ్ఞ, సంధి, అజంతము, హలంతము, క్రియ యను పరిచ్ఛేదములతో నది తెలుఁగు వ్యాకరణమున కొక చట్ట మిచ్చినది. బాలసరస్వతియు నహోబలపండితుఁడును దానికి వ్యాఖ్యలు రచించిరి. ఆసంప్రదాయము నుపయోగించుకొనియే పరవస్తు చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణమును వెలయించెను. సూత్రము సరియైనదగుటకుఁ గర్త నన్నయ కానక్కఱలేదు. పాణినిసూత్రములను వార్తికకారుఁడు పరీక్షించెను. వార్తికములను భాష్యకారుఁడు పరీక్షించెను. పరీక్షచేతఁ బాణినీయము బలపడినదే కాని సన్నగిల్లలేదు. పూర్వుల పేరువలనఁ గాక ఉత్తరోత్తరపరీక్షవలనఁ బ్రామాణ్యము పెరుగునను తత్త్వము వైయాకరణులకుఁ గొత్తది గాదు.

మఱి యీవిచారమువలన నేమి ఫలము? వ్యాకరణము నన్నయది కాకున్నను జదువుచునే యున్నాము గదా యని యనవచ్చును. కాని యీకథను నమ్మినందులకుఁ జెల్లించిన వెల యొకటి కలదు. చింతామణికిఁ బ్రాచీనతను గొనుటకై ఆదికవి శీలమును అమ్మవలసి వచ్చినది. కథ ప్రకారము నన్నయ తోడికవి కావ్యమును అసూయచే నణఁచినవాఁడు. భీమకవి శాస్త్రమును నీటఁగలిపినవాఁడు. ప్రత్యక్షసాక్షి యొక్కఁడును లేక, సమకాలికలేఖనము లేక, ఇద్దఱు కవులపై గ్రంథనాశనదోషము మోపఁబడినది. గ్రంథముల ప్రాణముగాఁ జూచు పండితులు ఇంతకంటె నీచమైన దోష మేదైనఁ జెప్పఁగలరా? లౌకికవ్యవహారమున నిట్టి యాధారముతో నొక పొరుగువానిపై దొంగతనము మోపినవానిని గ్రామపెద్దలు మందలింతురు. తొమ్మిదివందల యేండ్లకు మునుపు గతించినవాఁడు బదులు చెప్పుకొనలేఁడు గనుక వానిపట్ల జాగ్రత్త తగ్గింపరాదు, హెచ్చింపవలెను. సంశయము నాస్తికబుద్ధి యని కొందఱు వెనుదీయుదురు. ఈసందర్భమున సంశయమే నన్నయభట్టునకుఁ జేయఁదగిన గౌరవము.

పాఠశాలలలోఁ గథను మానవలసిన పనిలేదు. కథను కథగాఁ జెప్పి, వెంటనే మూఁడు ప్రశ్నలు వేయింపవలెను: ఈసంగతిని మొదట నెవరు చెప్పిరి? జరిగినదనుకొన్న కాలమునకును చెప్పిన కాలమునకును దూర మెంత? ఇది యసత్యమైనచో నెట్లు తెలియును? చేతిలోని ఫోనునుండి దినమునకుఁ బది చొప్పున దాఁచఁబడిన తాళపత్రములు, అణఁచివేయఁబడిన శాస్త్రములు, ఎవ్వరును జెప్పని చరిత్రములు నేఁటి బాలుర చెవిఁ బడుచున్నవి. వాని యల్లిక అప్పకవి పీఠికలోని యల్లికయే. ఇంపు మాత్రము తక్కువ. పీఠికను రెండవసారి చదువుట నేర్చిన విద్యార్థి వానిని మొదటిసారియే చదువఁగలఁడు. వినినది వింటిననియు, కననిది కననైతిననియుఁ జెప్పి యూరకుండిన పింగళి సూరన మర్యాద యాతని కలవడినచో, చింతామణి నదిలో మునిఁగినను మునుఁగకున్నను వ్యాకరణవిద్య ఫలించినట్లే.